ఇస్త్రీ బల్లకు నిమిషాల్లో ఆవిరి

మా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లు సందుకొకటి ఉంటాయి. నాది వాటి మధ్యలో ఒక చిన్న వర్క్‌షాపు. ఒక లేత్, ఒక వెల్డింగ్ మిషన్, ఒక డ్రిల్లు. కుట్టు మిషన్ల స్టాండ్ల నుంచి ఇస్త్రీ బల్లల దాకా ఏది విరిగినా నా దగ్గరికే వస్తుంది. అలా ఒక యూనిట్ ఆయన వచ్చి, "ఏమప్పా, పొద్దున ఎనిమిదికి బాయిలర్ స్విచ్చి వేస్తే ఎనిమిదిన్నరకు గానీ ఆవిరి రాదు. అంతసేపూ ఇస్త్రీ మాస్టరు టీకొట్టు కాడే ఉంటాడు. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ అరగంట టీ. ఏదన్నా చేసిపెట్టు" అన్నాడు.

చేసిపెట్టాను. వేడి అల్యూమినియం దిమ్మకు చుట్టిన రాగి గొట్టంలోకి నీళ్లు పంపి, నిమిషాల్లో ఆవిరి తీసే మిషన్. పందొమ్మిదో రోజు మళ్లీ వచ్చాడు. చేతిలో నల్ల జీన్స్ ప్యాంటు. దాని మీద తొడ నుంచి మోకాలి దాకా తెల్ల చుక్కలు. "నేను ఆవిరి అడిగితే నువ్వు సున్నం కొట్టే మిషన్ ఇచ్చినావే" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రాత్రి మిషన్ విప్పి, లోపలి రాగి గొట్టపు చుట్టను సాగదీసి, హ్యాక్సాతో నిలువునా కోసి చూశాను. నీళ్లు లోపలికొచ్చే వైపు మూరెడు దూరం రాగి ఎర్రగా మెరుస్తూనే ఉంది. అక్కణ్ణుంచి పల్చటి తెల్ల పొర మొదలైంది. మూడింట రెండు వంతులు దాటాక, అంటే నీటి చివరి తడి కూడా ఎండిపోయే చోట, గొట్టం నిండా గట్టి సున్నం. మధ్యలో పెన్సిల్ ములుకు దూరేంత సందు మాత్రం మిగిలింది. గోరుతో గీకితే రాలేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెంకులా ఊడింది.

అందుకే మన జిల్లాలో ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే హీటరు కొనే ముందు ఒక టీడీఎస్ మీటరు కొనండి. నీళ్లలో ముంచితే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపిస్తుంది. మా బోరు నీళ్లకు పన్నెండు వందల దగ్గర ఆగింది. ఒక ఇస్త్రీ పెట్టెకు ఎక్కువలో ఎక్కువ గంటకు మూడు లీటర్లు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే 24 లీటర్లు. లీటరుకు 1.2 గ్రాములంటే రోజుకు దాదాపు 29 గ్రాములు. నెలకు 25 పని దినాలు వేస్తే 700 గ్రాములు దాటుతుంది. ఆవిరితో పాటు పైకి పోయేది నీరే. సున్నం, ఉప్పు ఉన్నచోటే ఉండిపోతాయి, లేదా పొడిగా ఎగిరి ప్యాంటు మీద పడతాయి. నా చుట్ట మొత్తంలో పట్టే నీళ్లే గ్లాసుకు తక్కువ. అందులో ముప్పావు కిలో సున్నం ఎక్కడ ఇముడుతుంది?

సాఫ్ట్‌నర్ పెట్టమని ఒకాయన సలహా ఇచ్చాడు. అది కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి బదులు సోడియం పెడుతుంది. నీళ్లు మెత్తబడతాయి, సబ్బు నురగ వస్తుంది, కానీ మీటరులో అంకె దాదాపు అంతే ఉంటుంది. తొట్టి బాయిలరుకు అది పనికొస్తుంది, ఎందుకంటే అడుగున వాల్వు తిప్పి చిక్కబడిన నీళ్లను రోజూ వదిలేయవచ్చు. మన చుట్టలో నీళ్లు ఒక కొసన దూరి ఇంకో కొసన ఆవిరిగా బయటికొస్తాయి. మధ్యలో వదిలేయడానికి అడుగు అనేదే లేదు. కాబట్టి సాఫ్ట్‌నర్ కాదు, లవణాలు తీసేసిన ఫిల్టరు నీళ్లే కావాలి. తాగడానికి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లు 50 చూపిస్తే రోజుకు గ్రామున్నర లోపే. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టం నుంచి కారే నీళ్లు ఇంకా మేలు. వానాకాలంలో, మొదటి వాన వదిలేసి, మిద్దె మీది నీళ్లు పట్టుకున్నా సరే. మన దగ్గర వాన పడితే కదా అంటారా, అదీ నిజమే.

ఇక వేడి లెక్క. ఇది తెలియకుండా మొదలుపెట్టినవాళ్లు హీటర్లు మారుస్తూనే ఉంటారు.

కిలో నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తీసుకెళ్లడానికి సుమారు 293 కిలోజౌళ్లు చాలు. మరుగుతున్న ఆ కిలోను పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 2,257 కావాలి. ఇదే బడిలో చదువుకున్న గుప్తోష్ణం. మొత్తం 2,550. అంటే నీళ్లు తెర్లుతున్నాయంటే పనిలో సుమారు తొమ్మిదో వంతు అయిందన్నమాట. మే నెలలో మిద్దె ట్యాంకు నీళ్లు 40 డిగ్రీలకు కాగి వస్తాయి కాబట్టి కరెంటు బాగా మిగులుతుందని మా వాళ్లు అంటుంటారు. ఆ పది డిగ్రీలతో మిగిలేది 42 కిలోజౌళ్లు. మన ఎండ చేసే సాయం నూటికి రెండు వంతులు కూడా కాదు!

దీన్నే ఇలా గుర్తుపెట్టుకోండి. గంటకు కిలో ఆవిరి కావాలంటే 0.7 కిలోవాట్. నిమిషానికి 60 మిల్లీలీటర్లు కావాలంటే 2.55 కిలోవాట్లు. ఈ అంకెను ఏ డిజైనూ తగ్గించలేదు. తక్కువ కరెంటుతో ఎక్కువ ఆవిరి అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

మరి వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? నీళ్లు తక్కువ ఉంచడం నుంచి. ఆయన పాత తొట్టిలో 12 లీటర్లు పట్టేవి. వాటిని గేజి ముల్లు 3 బార్ చూపే ఒత్తిడికి, అంటే దాదాపు 144 డిగ్రీలకు తేవాలంటే 5,700 కిలోజౌళ్ల పైమాట. 3 కిలోవాట్ల హీటరుకు అది అరగంట పని. తప్పు హీటరుది కాదు, ఆవిరికి అక్కర్లేని నీళ్లన్నీ ముందుగా కాచడంలో ఉంది. అందుకే వేడిని నీళ్లలో కాకుండా లోహంలో దాచాలి, నీళ్లు కావలసినప్పుడు కావలసినన్నే దాని మీద పడాలి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో లియోన్ సెర్పొలే అనే ఆయన 1880లలోనే మందపాటి గొట్టాలను నొక్కి, మధ్యలో సన్నటి చీలిక మాత్రమే మిగిల్చి, అందులోకి నీళ్లు పంపి క్షణంలో ఆవిరి తీశాడు. 1902లో నీస్ నగరంలో ఆయన ఆవిరి కారు గంటకు 120 కిలోమీటర్ల వేగం దాటి ప్రపంచ రికార్డు కొట్టింది. మనకు ప్యాంటు మడత పడితే చాలు.

నా దిమ్మ కొలతలు ఇవీ. 100 మి.మీ. వ్యాసం, 200 మి.మీ. పొడవున్న అల్యూమినియం రౌండు. దాని చుట్టూ లేత్ మీద మర తోసినట్టే చుట్టుకూ చుట్టుకూ మధ్య 16 మి.మీ. పిచ్‌తో అర్ధచంద్రాకారపు గాడి, 11 చుట్లు. ఆ గాడిలో ఏసీ మెకానిక్‌లు వాడే 9.5 మి.మీ. మెత్తటి రాగి గొట్టం, మూడున్నర మీటర్లు. దిమ్మ ముఖం మీద నాలుగు రంధ్రాలు వేసి, కడ్డీల్లా ఉండే 16 మి.మీ. కార్ట్రిడ్జ్ హీటర్లు, ఒక్కొక్కటి 500 వాట్లవి, బిగువుగా దోపాను. రంధ్రం వదులుగా ఉంటే హీటరు తన వేడికి తానే కాలిపోతుంది. రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే రీమరుతో సరిచేసుకోండి, డ్రిల్లుతో సరిపెట్టుకోవద్దు. గొట్టం చుట్టేటప్పుడు లోపల సన్న ఇసుక నింపి కొసలు మూసుకుంటే నొక్కుకుపోదు. తర్వాత ఇసుకంతా పోయేదాకా నీళ్లు కొట్టి కడగండి. గొట్టం గాడిలో గట్టిగా కూర్చోదేమో అని నాకు మొదట్లో అనుమానంగా ఉండేది. అయితే అల్యూమినియం రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. లోపలి దిమ్మ వేడెక్కి ఉబ్బేకొద్దీ చుట్ట దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు వదులుగా కదిలినా భయం లేదు, కొసలు రెండూ క్లాంపుతో బిగిస్తే చాలు.

గాడులు, రంధ్రాలు పోను దిమ్మ మూడున్నర కిలోలు తూగింది. డిగ్రీ వేడెక్కడానికి రాగితో కలిపి సుమారు మూడున్నర కిలోజౌళ్లు. 30 నుంచి 160కి రావడానికి 2 కిలోవాట్లతో లెక్క ప్రకారం నాలుగు నిమిషాలు, చేసి చూస్తే అయిదు. ఇంతకన్నా త్వరగా కావాలంటే చిన్న దిమ్మ వాడుకోవచ్చు. కానీ అప్పుడు నీళ్లు పడగానే వేడి దిగజారిపోయి, ఆవిరి బదులు వేడినీళ్లు చిమ్ముతుంది. పెద్ద దిమ్మ నెమ్మది, కానీ నిలకడ. అయిదు నిమిషాలు నాకు సబబుగా అనిపించాయి. నిమిషానికి 60 మిల్లీలీటర్ల చొప్పున ఒక నిమిషం ఆవిరి మీట ఆపకుండా నొక్కినా దిమ్మ పది డిగ్రీల లోపే తగ్గుతుంది. మాస్టరు నాలుగు సెకన్లు నొక్కుతాడు, ఎనిమిది సెకన్లు వదులుతాడు. ఆ సందులో పోయిన వేడి తిరిగి చేరిపోతుంది.

దిమ్మను ఎంత వేడిలో ఉంచాలి? ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని మొదట 300 పెట్టాను. ఆవిరి తగ్గింది, నీటి తుంపరలు పెరిగాయి. రెండు రోజులు బుర్ర గోక్కున్నాక జవాబు మా ఇంట్లో దోసె పెనం మీద దొరికింది. పెనం సరిగ్గా కాగినప్పుడు నీళ్లు చల్లితే సుయ్యిమని ఆ క్షణంలోనే ఆరిపోతాయి. అదే పెనం మరీ కాగిపోతే చుక్కలు గోలీల్లా గుండ్రంగా అటూ ఇటూ దొర్లుతాయి, కానీ ఆరవు. చుక్క కిందే సన్నటి ఆవిరి పరుపు ఏర్పడి, లోహం తగలకుండా దాన్ని పైకెత్తి ఉంచుతుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లోనే దీన్ని రాసిపెట్టాడు. మా ఆవిడకు ఆయన పేరు తెలియదు, పెనం మీద ఉల్లిగడ్డ ముక్క రుద్ది వేడి తగ్గిస్తుంది. లోహం మీద ఇది సుమారు 200 డిగ్రీల దగ్గర మొదలవుతుంది కాబట్టి దిమ్మ వేడిని చూసి హీటర్లను వేసి ఆపే కంట్రోలరును నేను 165కు పెట్టాను. ఆ తర్వాత తుంపరలు ఆగిపోయాయి.

పంపు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. కాఫీ మిషన్లలో ఉండే వైబ్రేషన్ పంపు మన అవసరానికి చాలా పెద్దది. ఎదురొత్తిడి లేకపోతే నిమిషానికి అర లీటరు పైన తోస్తుంది, గొట్టం మూసుకుపోతే 10 బార్ పైకి కూడా ఒత్తిడి పెంచుతుంది. మనకు కావలసింది మెత్తటి గొట్టాన్ని రోలర్లతో నొక్కుతూ తిరిగే పెరిస్టాల్టిక్ పంపు, డయాలిసిస్ మిషన్లలో రక్తాన్ని తిప్పే రకం. 12 వోల్టులది చాలు. దారి మూసుకుపోతే ఇది మొండిగా తోయదు, కొద్ది ఒత్తిడికే జారిపోతుంది. వేగం అమర్చుకోవడం సులువు. దగ్గు మందుకిచ్చే కొలత గ్లాసు పెట్టి నిమిషం నడపండి, 60 మిల్లీలీటర్లు వచ్చేలా తిప్పుకోండి. కొన్ని నెలలకు దాని రబ్బరు గొట్టం అలిసిపోతుంది, ఒక స్పేరు దగ్గర పెట్టుకోండి. పంపుకూ చుట్టకూ మధ్య, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఒక ఎన్ఆర్‌వీ వాల్వు ఉండాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మామూలు స్టీమ్ ఇస్త్రీ పెట్టెలో మీట నొక్కితే ఆవిరి దారి తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మన పద్ధతిలో ఆవిరి దారిని ఎప్పుడూ మూయకూడదు. పెట్టెలోని వాల్వును తీసేసి, అదే మీట పంపును నడిపేలా వైరు మార్చండి. ఆపాల్సింది నీళ్లను, ఆవిరిని కాదు. మీట వదిలాక చుట్టలో మిగిలిన నాలుగు చుక్కలు ఆవిరై పోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, అంతే. లీటరు నీళ్లు మామూలు ఒత్తిడిలో దాదాపు 1,670 లీటర్ల ఆవిరి అవుతాయి. దానికి దారి లేకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అయినా పెట్టె రంధ్రాలు ఎప్పుడైనా పూడుకుపోవచ్చు కాబట్టి, చుట్ట దాటగానే, హోసుకు ముందే ఒకటిన్నర బార్‌కు తెరుచుకునే సేఫ్టీ వాల్వు పెట్టాలి. దాని మూతి నేల వైపు తిరిగి ఉండాలి, మనిషి వైపు కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్ల లోపు పాత్ర బాయిలర్ నిర్వచనంలోకి రాదు. మన చుట్టలో పట్టేది లీటరులో అయిదో వంతు కూడా లేదు. చట్టం పట్టించుకోదని ఆవిరి కాల్చకుండా ఊరుకోదు. మూతి దగ్గర అంగుళం మేర ఆవిరి కంటికి కనిపించదు, తెల్లగా కనిపించేది చల్లబడిన పొగమంచు. చెయ్యి కాలేది ఆ కనిపించని చోటే.

కరెంటు వైపు చెప్పాల్సింది తక్కువే. 2 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మి.మీ. వైరు, కరెంటు లీకైతే తెగిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కంట్రోలరు చెడిపోయినా దిమ్మ మితిమీరి వేడెక్కకుండా 220 డిగ్రీల దగ్గర తెగిపోయే, చేత్తో మళ్లీ నొక్కాల్సిన కటౌట్ స్విచ్చి వేరుగా పెట్టండి. కంట్రోలరులోని రెండో రిలేను, అంటే దానంతటదే పడే స్విచ్చిని, పంపుకు కలిపి, దిమ్మ 140 దాటితే గానీ పంపు తిరగకుండా చేయండి. ఇది లేక ఒక రోజు మాస్టరు చల్లటి దిమ్మ మీద మీట నొక్కి, నాలుగు ప్యాంట్లు తడిపి ఆరేసుకున్నాడు. సాయంత్రం వోల్టేజి 200కు పడితే హీటరు 2 కాదు, ఒకటిన్నర కిలోవాట్లే ఇస్తుంది. ఆవిరి పల్చబడితే ముందు వోల్టేజి చూడండి, మిషన్ విప్పకండి. ఎర్తింగు గుంత ఎండాకాలంలో ఎండిపోకుండా వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి, మన నేల సంగతి మీకు తెలిసిందే.

దిమ్మ చుట్టూ రెండు అంగుళాల సిరామిక్ ఉన్ని చుట్టి పైన రేకు వేయండి. ఉన్ని పట్టుకునేటప్పుడు మాస్కు, గ్లవుజులు తప్పనిసరి. పెట్టెకు వెళ్లే హోసు టెఫ్లాన్ లోపొర, బయట స్టీలు అల్లిక ఉన్నది కావాలి. అది మధ్యలో ఊయలలా వేలాడితే ఆ పల్లంలో నీళ్లు చేరి ప్యాంటు మీద ఉమ్ముతుంది. అందుకే పై నుంచి కొక్కేనికి వేలాడదీశాను. హోసు మొదట్లో జానెడు పొడవు లావు గొట్టం నిలబెట్టి, అడుగున చిన్న వాల్వు పెట్టాను. చల్లబడిన నీళ్లు అందులో చేరతాయి, పొద్దున్నే ఒకసారి వదిలేస్తే సరి.

ఫిల్టరు నీళ్లు వాడినా నెలకోసారి చుట్ట కడగాలి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, లీటరుకు 50 గ్రాములు, గోరువెచ్చటి నీళ్లలో కలపండి. దిమ్మ 60 డిగ్రీలకు చల్లారాక, పంపును ఆ రిలేతో పనిలేకుండా నేరుగా దాని 12 వోల్టుల సరఫరాకు కలిపి, అరగంట సేపు ఆ నీళ్లనే తిప్పండి. సున్నం ఉంటే బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా తిప్పి, రెండు లీటర్ల మంచినీళ్లతో కడగండి. బాత్రూము యాసిడ్ జోలికి పోవద్దు. అది సున్నంతో పాటు రాగిని, అల్యూమినియాన్ని కూడా తింటుంది. నిమ్మ ఉప్పు నీళ్లు కూడా కాగిన దిమ్మ మీదికి పంపకూడదు.

కొత్త మిషన్‌ను బల్లకు కలిపే ముందు రెండు పరీక్షలు. ఒకటి, సేఫ్టీ వాల్వును తీసి, ఆ మూతినీ ఆవిరి దారినీ ఈ పరీక్ష వరకే మూసి, చల్లటి నీళ్లు నింపి చేతి పంపుతో 3 బార్ దాకా ఒత్తి పది నిమిషాలు చూడాలి. గేజి ముల్లు దిగకూడదు. అయ్యాక మూతలు తీసి, సేఫ్టీ వాల్వు తిరిగి బిగించాలి. గాలితో ఈ పరీక్ష చేయొద్దు, జాయింటు ఊడితే గాలి తుపాకీలా కొడుతుంది, నీళ్లయితే కారి ఊరుకుంటాయి. రెండోది, ఆ యూనిట్ ఆయన తెచ్చిన నల్ల ప్యాంటు నుంచి కత్తిరించి పెట్టుకున్న జానెడు గుడ్డ. దాన్ని ఆవిరికి రెండు నిమిషాలు అడ్డం పెట్టి, నీడలో ఆరనిచ్చి, వెలుతురుకు ఎత్తి చూస్తాను. ఒక్క తెల్ల చుక్క కనిపించినా మిషన్ బయటికి పోదు, టీడీఎస్ మీటరు మళ్లీ నీళ్లలోకి దిగుతుంది.